సగటు గాలిలో ఎవరూ ఎగరరు

(హైదరాబాద్‌లో పైలట్ శిక్షణ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఉన్నవాళ్ళు విమానం నడపడం నేర్చుకుంటున్న పిల్లలు. వెనక వరసల్లో వాళ్ళ అమ్మానాన్నలు ఉన్నారు. నేను మాట్లాడబోయేది చిన్న విమానాల టేకాఫ్ గురించి, అందులోనూ విసురుగా పక్కనుంచి గాలి కొడుతున్నప్పుడు చేసే టేకాఫ్ గురించి. వినడానికి ఇది పైలట్ల గొడవలా ఉంటుంది కానీ ఇందులో పెద్దవాళ్ళకు చెప్పాల్సిన మాట కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

శిక్షణలో ఉన్న ఎవరినైనా అడగండి, ల్యాండింగ్ అంటేనే టెన్షన్ అంటారు. టేకాఫ్‌దేముంది, థ్రాటిల్ (ఇంజిన్ శక్తి పెంచే పిడి) తోస్తే అదే లేస్తుంది అంటారు. ల్యాండింగ్‌లో ప్రమాదాలు లెక్కకు ఎక్కువ, నిజమే. కానీ వాటిలో చాలావాటికి ల్యాండింగ్ గేర్ విరుగుతుంది, ప్రొపెల్లర్ వంగుతుంది, లోపలివాళ్ళు నడిచి బయటికొస్తారు. టేకాఫ్‌లో జరిగే ప్రమాదాల్లో ప్రాణాలు పోయే పాలు ఎక్కువ. ట్యాంకుల నిండా ఇంధనం ఉంటుంది, ఇంజిన్ పూర్తి శక్తిమీద ఉంటుంది, ముక్కు పైకెత్తి ఉంటుంది, వేగం తక్కువ, ఎత్తు అసలే లేదు. ఆ సమయంలో ఏదైనా తేడా వస్తే సరిదిద్దుకోవడానికి చోటు ఉండదు.

ల్యాండింగ్‌కూ టేకాఫ్‌కూ ఇంకో తేడా ఉంది. దీన్ని మీరు గట్టిగా పట్టుకోవాలి. గాల్లో ఉన్నవాడు ఏదో ఒక చోట దిగక తప్పదు. నేలమీద ఉన్నవాడు లేవాల్సిన అవసరం లేదు. ఈదురుగాలిలో టేకాఫ్ చేసి కూలిన ప్రతి చిన్న విమానమూ అంతకు కొద్ది నిమిషాల ముందు నేలమీద భద్రంగా నిలబడి ఉన్నదే.

ముందు మన ఊరి గాలి గురించి చూద్దాం. బేగంపేట రన్‌వే 09, 27. శంషాబాద్‌లోనూ 09, 27. అంటే తూర్పు పడమరలుగా వేసినవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు మన దగ్గర ఎక్కువగా పడమటి దిక్కు నుంచి వీస్తాయి. 27 మీద టేకాఫ్ చేస్తే ఆ గాలి చాలావరకు ఎదురుగాలి అవుతుంది. ఎదురుగాలి మనకు మేలే చేస్తుంది, రన్‌వే తక్కువ పడుతుంది.

చిక్కంతా ఏప్రిల్, మే నెలల్లో. పొద్దున ఆకు కూడా కదలదు. మధ్యాహ్నం మూడు దాటాక ఎక్కడో వికారాబాద్ వైపో ఇబ్రహీంపట్నం వైపో మబ్బు నల్లగా పేరుకుంటుంది. ఆ మబ్బులో వానతో చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దూకుతుంది, నేలను తాకి నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. మన నెత్తిన చినుకు పడకముందే, మబ్బు ఇంకా పది పదిహేను కిలోమీటర్ల అవతల ఉండగానే ఆ చల్లగాలి వచ్చి కొడుతుంది. దుమ్ము లేస్తుంది, డాబాల మీద ఆరేసిన బట్టలు ఎగిరిపోతాయి, జనం హమ్మయ్య చల్లబడింది అనుకుంటారు. ఆ గాలికి మన రన్‌వే దిక్కుతో పనిలేదు. మబ్బు దక్షిణాన ఉంటే దక్షిణం నుంచే వస్తుంది, అంటే రన్‌వేకు నేరుగా అడ్డం. ఐదు నాట్లు (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం) ఉన్న గాలి రెండు మూడు నిమిషాల్లో ముప్పై నాట్లు కావచ్చు.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. లెక్కంటే భయపడకండి, ఇది రన్‌వే దగ్గర వేళ్ళమీద చేసుకునేదే. మీరు సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో ఉన్నారు. రన్‌వే 27. టవర్ చెప్పిన గాలి 220 డిగ్రీల నుంచి 14 నాట్లు, విసురు, అంటే మధ్యమధ్యలో ఒక్కసారిగా వచ్చే జోరు, 26. రన్‌వే 27 అంటే 270 డిగ్రీల దిక్కు కాబట్టి గాలికీ రన్‌వేకూ మధ్య కోణం 50 డిగ్రీలు. పక్కనుంచి తోసే భాగం కావాలంటే గాలి వేగాన్ని 0.77తో గుణించాలి. కోణం 30 అయితే సగం, 45 అయితే 0.7, 60 దాటితే దాదాపు మొత్తం గాలి పక్కగాలే అని గుర్తుపెట్టుకుంటే చాలు. 14కు లెక్కేస్తే 11 నాట్లు వస్తుంది. సెస్నా 172ఎస్ పుస్తకంలో రాసిన డెమాన్‌స్ట్రేటెడ్ క్రాస్‌విండ్, అంటే పరీక్షలో చేసి చూపించిన పక్కగాలి, 15 నాట్లు. కుర్రాడు ఏమంటాడు? పదకొండే కదా సార్, పదిహేను దాకా పర్వాలేదు కదా అంటాడు.

మరి 26కు లెక్కేశావా నాయనా? 20 నాట్లు. పుస్తకంలో ఉన్నదానికంటే ఐదు ఎక్కువ. నిలబడి ఉన్న విమానం మీద గాలి తోపు వేగంతో పాటు అదే నిష్పత్తిలో పెరగదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 14 నుంచి 26కు వెళ్తే తోపు దాదాపు మూడున్నర రెట్లు. సగటు గాలిలో ఎవరూ ఎగరరు. మీ రెక్కను తాకేది ఆ క్షణానికి వీచే గాలి. అది 14 కావచ్చు, 26 కావచ్చు, మధ్యలో ఎనిమిదికీ పడిపోవచ్చు.

ఆ పదిహేను నాట్లు ఎలా వచ్చాయో కూడా తెలుసుకోండి. విమానాన్ని పరీక్షించేటప్పుడు ఒక టెస్ట్ పైలట్ ఆ గాలిలో దిగి, లేచి చూపించాడు. అంతవరకే దానర్థం. చాలా చిన్న విమానాలకు అది నిషేధించే హద్దు కాదు, అలాగని మీకు ఇచ్చిన హామీ కూడా కాదు. అతని చేతికున్న అనుభవం వేరు, యాభై గంటలు ఎగిరిన మీ చేతికున్నది వేరు.

వాతావరణ రిపోర్టు విషయంలో ఇంకో మెలిక ఉంది. మెటార్‌లో, అంటే విమానాశ్రయం ఇచ్చే ఆ రిపోర్టులో, రాసే గాలి పది నిమిషాల సగటు. విసురు ఆ సగటు కంటే కనీసం 10 నాట్లు ఎక్కువైతేనే అందులో విసురు అని వేస్తారు. సగటు 12, మధ్యమధ్యలో 20 దాకా వెళ్తోంది అనుకోండి, కాగితం మీద మీకు కనిపించేది 12 ఒక్కటే. అందుకే నేను విద్యార్థుల్ని హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ఎక్కేముందు ఆగే చోటు) దగ్గర ఆపి విండ్‌సాక్, అంటే గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం, చూడమనేవాణ్ణి. ఒకసారి కళ్ళెత్తి చూసి వదిలేయడం కాదు. ఒక నిమిషం, నిండుగా. అడ్డంగా బిగిసి సాగి ఉండి ఒక్కసారిగా వాలిపోయి మళ్ళీ లేచి కొట్టుకుంటోందా? దిక్కు ముప్పై నలభై డిగ్రీలు అటూ ఇటూ ఊగుతోందా? టవర్ చెప్పే అంకె కంటే ఆ గుడ్డ మీకు ఎక్కువ చెబుతుంది.

సరే, ఇప్పుడు ఆ టేకాఫ్ రోల్‌ను, అంటే లేవడానికి రన్‌వే మీద తీసే పరుగును, నెమ్మదిగా చూద్దాం. గాలి ఎడమవైపు నుంచి. తోక నిలువు రెక్క గాలిని పట్టుకుని విమానం ముక్కును గాలివైపు, అంటే ఎడమకు తిప్పుతుంది. మన 172లో ప్రొపెల్లర్ వల్ల వచ్చే లాగుడు కూడా ఎడమకే. రెండూ కలిశాయి. కాబట్టి కుడి రడ్డర్ (కాలితో నొక్కి తోక పలకను తిప్పే పెడల్) గట్టిగా కావాలి. యోక్, అంటే చేతిలోని స్టీరింగ్, పూర్తిగా ఎడమకు, గాలివైపుకు. ఎడమ ఎయిలరాన్ (రెక్క చివర వెనక అంచున కదిలే పలక) పైకి లేచి ఆ రెక్కను నేలకు నొక్కుతుంది. లేకపోతే గాలి ఆ రెక్క కింద దూరి ఎత్తేస్తుంది. వేగం పెరిగే కొద్దీ ఎయిలరాన్‌కు బలం వస్తుంది కాబట్టి కొద్దికొద్దిగా తగ్గించాలి, సున్నాకు తేకూడదు. కుడి చక్రం ముందు లేచి, గాలివైపు చక్రం ఆఖరున నేల విడవాలి.

వేగం నలభై నాట్లు, నలభై ఐదు. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. రన్‌వే పక్కన ఏ హ్యాంగరో భవనమో ఉంటే ఇంతసేపూ దాని చాటున ఉన్నారు. చాటు దాటగానే మొత్తం గాలి ఒక్కసారి తగులుతుంది. ట్యాంక్‌బండ్ మీద బస్సు పక్కన వెళ్ళే బైక్ ఆ బస్సును దాటి బయటపడగానే హుస్సేన్‌సాగర్ మీది గాలి ఎలా తోస్తుందో చూసే ఉంటారు. అప్పటిదాకా సరిపోయిన రడ్డర్ ఇప్పుడు చాలదు. బేగంపేట చుట్టూ ఇప్పుడు ఎన్ని భవనాలు లేచాయో మీకు తెలుసు. వాటి వెనక గాలి సుడులు తిరుగుతుంది.

యాభై ఐదు. ఒక విసురు వచ్చింది. ఎయిర్‌స్పీడ్ ముల్లు గబుక్కున ముందుకు దూకింది. చేతిలో యోక్ తేలికైంది, విమానం తానే లేస్తానంటోంది. కుర్రాడు లాగాడు. లేచింది. మన లెక్క ప్రకారం విసురులో ఎదురుగాలి భాగం దాదాపు 17 నాట్లు. మరుక్షణం విసురు పోయింది, సగటుకు వచ్చింది, ఎదురుగాలి 9 నాట్లు. ఎనిమిది నాట్ల వేగం గాల్లోనే మాయమైంది. 55లో ఎనిమిది పోతే 47. పూర్తి బరువుతో, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున దించే పలకలు) దించకుండా 172ఎస్ స్టాల్ వేగం, అంటే రెక్క ఇక విమానాన్ని మోయలేని వేగం, 48.

ఇక్కడినుంచి రెండు దారులు. ఒకటి, విమానం మళ్ళీ కిందికి కూర్చుంటుంది. కానీ ఈలోగా పక్కకు జారింది. చక్రాలు పక్కవాటుగా నేలను తాకుతాయి. ల్యాండింగ్ గేర్ అంత పక్కబరువును తట్టుకునేలా కట్టింది కాదు. విరగవచ్చు, లేదా రన్‌వే నుంచి గడ్డిలోకి ఈడ్చుకుపోవచ్చు. తోకచక్రం ఉన్న విమానమైతే గిర్రున తిరిగిపోతుంది. రెండోది ఇంకా ఘోరం. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు గ్రౌండ్ ఎఫెక్ట్ వల్ల రెక్కకు తేలిగ్గా ఉంటుంది, రెండు రెక్కల మొత్తం పొడవంత ఎత్తు దాటితే ఆ సాయం పోతుంది. ముక్కు ఎత్తుగా ఉంది, వేగం లేదు, ఒక రెక్క వాలింది. సహజంగా చేయి యోక్‌ను రెండోవైపు తిప్పుతుంది. వాలిన రెక్క మీది ఎయిలరాన్ కిందికి దిగుతుంది. ఇప్పటికే స్టాల్ అంచున ఉన్న రెక్కకు అది కోణాన్ని ఇంకా పెంచుతుంది. సరిదిద్దబోయిన చేయే దాన్ని పడగొడుతుంది.

అందుకే విసురుగాలిలో విమానం లేస్తానన్నా మీరు ఒప్పుకోకండి. మామూలు కంటే ఓ ఐదు నాట్లు ఎక్కువ వచ్చేదాకా నేలమీదే ఉంచండి. ముక్కు చక్రం మీద బరువంతా మోపేలా యోక్‌ను ముందుకు నెట్టమని కాదు, అదింకో ప్రమాదం. తర్వాత ఒక్కసారిగా, స్పష్టంగా లేపండి. లేచాక గాలివైపు కొద్దిగా ముక్కు తిప్పి రన్‌వే మీదుగా నేరుగా పోనివ్వండి. తొందరగా లేచిపోతే మరింత లాగకండి. ముక్కు కొంచెం దించి, రెక్కలు సమంగా ఉంచి, నేలకు దగ్గరగానే వేగం పెరగనివ్వండి. ముందు రన్‌వే మిగిలి ఉండి, విమానం ఇంకా నేలమీదే ఉండి, ముక్కు మాట వినకపోతే థ్రాటిల్ మూసేయండి. మూసేసినవాణ్ణి నేనెప్పుడూ తిట్టలేదు.

ఇదంతా కొత్త కుర్రాళ్ళకేనా అంటే కాదు. 2008 డిసెంబరు 20న అమెరికాలో డెన్వర్ నుంచి హ్యూస్టన్ వెళ్ళాల్సిన కాంటినెంటల్ 1404 టేకాఫ్ రోల్‌లోనే ఎడమ పక్కకు రన్‌వే దాటిపోయి మంటల్లో చిక్కుకుంది. బోయింగ్ 737, లోపల 115 మంది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు, చాలామందికి గాయాలయ్యాయి. పైలట్లకు టవర్ చెప్పిన గాలి 27 నాట్లు. వాళ్ళను కొట్టిన విసురు 45 నాట్లు. దర్యాప్తు ఏం తేల్చిందంటే, రన్‌వే దాటడానికి దాదాపు 4 సెకన్ల ముందు కెప్టెన్ కుడి రడ్డర్ నొక్కడం ఆపేశాడు. అతని శిక్షణ, అనుభవం దాటిన గాలి అది అని కూడా రాశారు. అదే విమానాశ్రయంలో ఇంకో సెన్సర్ మరింత బలమైన గాలిని చూపిస్తోంది, ఆ అంకె పైలట్లకు చేరలేదు. సిమ్యులేటర్లలో అలాంటి విసురుగాలులను సరిగా చూపించడం లేదనీ రాశారు. ఒక్క మనిషి తప్పని చెప్పి ఫైలు మూసేయలేదు. నాకు ఆ రిపోర్టు మీద గౌరవం అందుకే. అంత పెద్ద జెట్‌కే కాలు నాలుగు సెకన్లు తీసేస్తే అలా అయింది. మన విమానం పూర్తి బరువే దాదాపు 1,157 కిలోలు.

ఇంకొకటి చెప్పాలి, చెప్పడానికి మనసొప్పకపోయినా. 1996 ఏప్రిల్ 11, వ్యోమింగ్ రాష్ట్రంలోని షయెన్. సెస్నా 177బి. జెస్సికా డుబ్రాఫ్ అనే ఏడేళ్ళ పాప, వాళ్ళ నాన్న, ఇన్‌స్ట్రక్టర్. పాప దేశం ఈ చివర నుంచి ఆ చివరకు ఎగురుతుందని ఊరూరా టీవీలవాళ్ళు ఎదురుచూస్తున్నారు. పొద్దున్నే వాన, పక్కన ఉరుముల మబ్బు, విసురుగాలి. వాళ్ళకంటే ముందు లేచిన మరో పైలట్ విండ్‌షియర్ (గాలి వేగం, దిక్కు ఉన్నట్టుండి మారడం) ఉందని టవర్‌కు చెప్పాడు, టవర్ ఆ మాట అందజేసింది. అయినా లేచారు. విమానం ఉండాల్సిన దానికంటే 96 పౌండ్లు, అంటే దాదాపు 44 కిలోలు ఎక్కువ బరువుంది. లేచిన కొద్దిసేపటికే వేగం పోగొట్టుకుని స్టాల్ అయి కూలింది. ముగ్గురూ పోయారు. అనుకున్న టైమ్‌టేబుల్‌ను పట్టుకుని వేలాడటం కూడా ఒక కారణమని దర్యాప్తు రాసింది.

షయెన్ ఎత్తైన ఊరు కదా, మనకేం సంబంధం అంటారేమో. ఆ రోజు అక్కడి డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6,670 అడుగులు. అంటే గాలి ఎంత పలచగా ఉందంటే విమానానికి అది 6,670 అడుగుల ఎత్తులా అనిపించింది. బేగంపేట ఎత్తు 1,742 అడుగులే. మే నెలలో 42 డిగ్రీల ఎండలో లెక్కేయండి, 5,400 అడుగుల చుట్టూ వస్తుంది. పొద్దున ఆరింటికి చకచకా లేచిన విమానమే సాయంత్రం నాలుగింటికి రన్‌వే మీద ఈడుస్తుంది, ఎక్కడం కూడా నీరసంగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే ఉరుముల మబ్బు గాలి కూడా వస్తుంది. ఈ రెండూ కలిసే ఊళ్ళో మనం శిక్షణ పొందుతున్నాం.

ఇక వెనక వరసల కోసం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఒక్కో గంటకు ఎంతవుతుందో మీకే బాగా తెలుసు. పొలం అమ్మినవాళ్ళున్నారు, ఇల్లు తాకట్టు పెట్టినవాళ్ళున్నారు. ఆ సంగతి పిల్లలకు తెలుసు. వారం రోజులుగా విమానం ఖాళీ దొరక్క ఈ రోజు స్లాట్ దొరికింది, గాలి కొంచెం ఎక్కువగా ఉంది, వదిలేస్తే మళ్ళీ ఎప్పుడో. ఆ పిల్లవాడు విండ్‌సాక్ వైపు చూసేటప్పుడు వాడి కళ్ళకు ఇంటి అప్పు కూడా కనిపిస్తుంది. షయెన్‌లో టీవీలవాళ్ళు చేసిన పని ఇక్కడ ఆ అప్పు చేస్తుంది. మీరు ఏదీ అనకపోయినా చేస్తుంది. కాబట్టి ఇంట్లో ముందే నోరు తెరిచి చెప్పండి, గాలి బాగోలేని రోజు ఎగరకపోతే మాకేం నష్టం లేదురా అని.

ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరస నుంచి ఒక తండ్రి: సార్, మా అమ్మాయి ఫోన్ చేసి ఈ రోజు కూడా ఫ్లయింగ్ క్యాన్సిల్ అంటుంది. మేం ఏమనాలి?)

అయ్యా, మంచి ప్రశ్న అడిగారు. గాలి ఎంతుంది తల్లీ, ఎటునుంచి, విసురు ఎంత అని అడగండి. ఆ అమ్మాయి గబగబా చెప్పేసిందనుకోండి, లెక్క చేసుకుని మానేసిందని అర్థం, సంతోషించండి. మీకు ఆ అంకెలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఎన్ని గంటలయ్యాయి అన్న ప్రశ్న మాత్రం రోజూ అడగకండి.

(ఒక విద్యార్థిని: సార్, ఎప్పుడూ గాలి లేని రోజే ఎగిరితే క్రాస్‌విండ్ ఎప్పుడు నేర్చుకుంటాం?)

నేర్చుకోవాలమ్మా, తప్పకుండా. గాలికి దూరంగా పారిపోయి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు తర్వాత ఇబ్బంది పడతారు. కానీ ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా నేర్చుకో. ముందు నిలకడగా వీచే ఐదారు నాట్ల పక్కగాలితో మొదలుపెట్టు. తర్వాత ఎనిమిది, పది. విసురు లేని గాలిలో కాలు, చేయి అలవాటు పడ్డాకే విసురులోకి వెళ్ళు. సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, ఇంత పక్కగాలి దాకానే అని నీకంటూ ఒక అంకె రాసిపెట్టుకో, విసురుతో కలిపి. అది పుస్తకంలో ఉన్నదానికంటే చాలా తక్కువ ఉండాలి. పొద్దున ఇంట్లో కూర్చుని రాసుకో, హోల్డింగ్ పాయింట్ దగ్గర దాన్ని మార్చకు.

(అదే విద్యార్థిని: థ్రాటిల్ మూసేశాక ఏం చేయాలి సార్?)

అక్కడ చాలామంది చేతులు వదిలేస్తారు, అది మంచిది కాదు. వేగం తగ్గుతున్న కొద్దీ ఎయిలరాన్‌కు బలం తగ్గుతుంది కాబట్టి యోక్‌ను మళ్ళీ గాలివైపు పూర్తిగా తిప్పుకుంటూ రా. రడ్డర్‌తో ముక్కు నేరుగా ఉంచు. బ్రేకులు మెల్లగా, రెండూ సమంగా. టాక్సీ చేసి, అంటే విమానాన్ని నేలమీద నడిపించుకుంటూ, వెనక్కి వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి, పక్కనుంచి కొడుతుంటే యోక్‌ను గాలికి అవతలి వైపు తిప్పి ముందుకు నొక్కి ఉంచు, నెమ్మదిగా నడిపించు. టాక్సీలో తిరగబడ్డ చిన్న విమానాలు కూడా ఉన్నాయి. ఇంజిన్ ఆపి, గస్ట్ లాక్ (గాలికి యోక్, పలకలు కదలకుండా బిగించేది) పెట్టి, తాళ్ళు కట్టాకే రడ్డర్ మీంచి నీ ధ్యాస తీసెయ్. మబ్బు వెళ్ళిపోయాక, సాయంత్రం వెలుగుంటే మళ్ళీ వెళ్ళొచ్చు, లేకపోతే రేపు పొద్దున్నే ఆరింటికి.